డాబా మీద నీలం డాలు

ముప్పై ఏళ్లుగా కొట్లకి బోర్డులు రాసిన పెయింటర్‌కి తన చేతి రాత మీద ఉన్నంత గురి దేవుడి మీద కూడా లేదు. యుద్ధం వచ్చాక రాయించుకునే కొట్లే మిగల్లేదు. అప్పుడు మ్యూజియం మేడమ్ కబురు పెట్టింది. మ్యూజియం కప్పు మీద నీలం, తెలుపు రంగుల్లో డాలు గుర్తు వెయ్యాలట.

"వెనకటి పెద్ద యుద్ధం తర్వాత చాలా దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. పురాతన వస్తువులు దాచిన చోట ఈ గుర్తుంటే బాంబు వెయ్యకూడదు," అందామె.

"పైవాడికి కనపడాలిగా మేడమ్. వాకిలంత వేస్తాను."

రెండు రోజులు ఎండలో మోకాళ్ల మీద పాకి వేశాడు. మూడో రోజు మిగిలిన రంగు తెచ్చి తన డాబా మీదా ఒకటి వేశాడు. దాని కిందే, మూడో అంతస్తులో, తుంటి విరిగిన తల్లి మంచం పట్టి నాలుగేళ్లు. సైరన్ మోగితే అందరూ నేలమాళిగలోకి దిగుతారు. ఆ ఇరుకు మెట్ల మీద ఆమెను దించడం ఎవరి తరమూ కాలేదు.

"ఆ డాలు కాస్త మా వైపుకీ జరుపు అబ్బాయ్," అంది పక్క వాటా పిన్నిగారు. "మా ముసలాయనా పురాతన వస్తువే!"

మర్నాడే మేడమ్ మ్యూజియం కప్పెక్కితే అతని డాబా మీద డాలు కనపడింది. పరుగున వచ్చింది.

"ఇళ్ల మీద కూడా ఇదే కనపడితే బాంబులేసేవాళ్లు దేన్నీ నమ్మరు. అప్పుడు మ్యూజియమూ దక్కదు. చెరిపెయ్యండి పెయింటర్ గారూ," అంటూ చేతులు పట్టుకుంది.

ఆమె మాట న్యాయమే. అదే అతన్ని తినేసింది. సున్నం కలిపి, తను వేసింది తన చేత్తోనే పూసేశాడు.

తల్లికి చెప్పలేదు. సైరన్ మోగినప్పుడల్లా ఆమె, "దిగరా, దిగు. నా నెత్తిన డాలుందిగా," అని నవ్వేది. అతను భార్య చెయ్యి పట్టుకుని దిగేవాడు.

పదో రోజు మధ్యాహ్నం మ్యూజియం కూలింది, డాలుతో సహా. మేడమ్ లోపలే ఉంది.

ఒంటి నిండా దుమ్ముతో వచ్చి అతను మంచం పక్కన కూలబడ్డాడు. "అమ్మా, మన డాబా మీద ఏం లేదమ్మా. వేసిన మర్నాడే చెరిపేశాను."

ఆమె దుప్పటి అంచు ముందుకు తోసింది. కప్పు పగులు సరిగ్గా దాని పైనే ఉంది. దుప్పటి మీద, పగులులోంచి కారి ఎండి గట్టిపడిన సున్నం చుక్కలు.

"ఆవేళే తెలుసురా. తెలుసని చెబితే నువ్వు కిందికి దిగేవాడివా?"

మళ్లీ సైరన్ మోగింది.

"దిగు," అందామె. ఈసారి నవ్వలేదు.

అతను లేవలేదు. మెట్ల మీంచి భార్య పిలుస్తూనే ఉంది.