విసుర్రాయికి అవతలి పక్క

పాత యుద్ధాల గురించి ఫోన్లో మాట్లాడుకునే గుంపు ఒకటి ఉంది. అందులో నేనూ ఉన్నాను. ఏడాది చివర ఆ గుంపులో ఒక పద్ధతి నడుస్తుంది. ఆ ఏడు జరిగిన చర్చల్లో నచ్చినవి మూడు ప్రతివాళ్లూ చెప్పాలి. నచ్చడమంటే ఊరికే నచ్చడం కాదు. ఏ చర్చలో మీరు అప్పటిదాకా పట్టుకున్న మాట వదిలేశారో, దాన్నే చెప్పాలి. నేను గెలిచాను అంటే చెల్లదు, నేను మారాను అంటేనే చెల్లుతుంది. గుంపు నడిపే పెద్దమనిషి వాటిని ఏరి చిన్న పుస్తకంగా అచ్చు వేయించి అందరికీ పోస్టులో పంపుతాడు.

పోయిన ఏడు ఆ పుస్తకంలో మొదటి పేజీ నా చర్చకు దక్కాల్సింది. కానీ అందులో నేను చెప్పిన మాట ఒకటి తప్పు. ఆ తప్పు వల్ల మా పెద్ద తోడికోడలు లెక్కలో లేకుండా పోయింది. అచ్చు కాకముందే ఆమెను లెక్కలోకి తేవాల్సి వచ్చింది. అది ఎట్లా జరిగిందో రాస్తాను.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మా ఊరు మరాఠీ గడ్డ మీద, తెలుగు సరిహద్దుకు ఆనుకుని, దెగ్లూర్ దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పాత పొలం కాగితాలు ఉర్దూలో. మూడు భాషలూ మాట్లాడతాను, ఒక్కటీ చదవలేను. అట్లాగే ఒక జీవితం గడిచింది. నాందేడ్‌లో మా కొడుకుది తాళ్లు, జల్లెడలు, పారలు అమ్మే దుకాణం. బోధన్ నుంచి వచ్చిన మా కోడలు గిరాకీ లేని వేళల్లో నాకు తెలుగు నేర్పింది. పలక కొనలేదు. కొత్త పార మీద సుద్దముక్కతో రాయించేది. గిరాకీ వస్తే గుడ్డతో తుడిచి ఆ పారే అమ్మేది. అట్లా నా అక్షరాలు ఎన్ని పొలాల్లో మట్టి తవ్వాయో నాకు తెలియదు.

నేర్చుకున్నాక చదవడానికి ఏదో ఒకటి కావాలి కదా. కోడలి ఫోన్లో చుట్టాల గుంపుల నిండా పూల బొమ్మలు, దేవుడి బొమ్మలు. చదవడానికి రెండు ముక్కలు ఉండవు. కోడలికి పెదనాన్న వరసయ్యే మనిషి ఒకాయన నిజామాబాద్‌లో ఉంటాడు. పోస్టాఫీసులో పనిచేసి పింఛను మీద దిగిపోయాడు. యుద్ధాల గుంపు నడిపేది ఆయనే. అక్కడ బారెడు బారెడు రాస్తారు. నాకు కావలసింది అదే. యుద్ధం మీద ప్రేమతో చేరలేదు, అక్షరాలకు తుప్పు పట్టకుండా చేరాను.

చేరాక మాత్రం నోరు ఊరుకోలేదు. ఏనుగులు బెదిరి వెనక్కి తిరిగితే సొంత మనుషుల్నే తొక్కుతాయి కదా, అయినా వాటిని ఎందుకు తెచ్చేవాళ్లని ఒక నెల నడిచింది. కోటలో నీళ్లు ముందు అయిపోతాయా, తిండి ముందా అని ఇంకో నెల. నాకు బాగా నచ్చింది, చదువు రాని సిపాయిల ఉత్తరాలు ఎవరు రాసేవాళ్లన్న చర్చ. ఇంకొకడి ముందు నిలబడి ఇంటి సంగతులు చెప్పి రాయించుకుంటే ఎన్ని మాటలు లోపలే ఉండిపోతాయో నాకు తెలుసు. నేనూ అట్లా రాయించుకున్నదాన్నే.

ఇక నా చర్చ. కరీంనగర్‌లో బడిపంతులుగా చేసి దిగిపోయిన ఒక మాష్టారు ఉన్నారు, పుస్తకాలు బాగా చదివిన మనిషి. సైన్యం వెనక ఏమేం నడిచేవో ఒకరోజు పొడుగ్గా రాశారు. ఎడ్లు, గుర్రాలు, గుడారాలు, ఫిరంగులు, మందుగుండు, అన్నీ ఉన్నాయి. నేను అడిగాను, "పిండి ఎవలు ఇసిరిన్రు సారూ?"

ఫౌజు నుంచి దిగిపోయిన హవల్దారు ఒకడు వెంటనే నవ్వే బొమ్మ పెట్టాడు. "పెద్దమ్మా, మేం రణంల ఉంటె నువ్వు వంటింట్లకు గుంజుకపోతున్నవ్."

"నువ్వు తినకుండనే కొట్లాడినవా కొడుకా?" అని రాశాను.

 అతను మర్నాడు పొద్దున రాశాడు. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డ రోజులు ఎన్నో ఉన్నాయని, ఆ రొట్టె ఎవరి చేతిదని ఒక్కరోజూ అడగలేదని. అక్కడి నుంచి అందరూ దిగారు. సిపాయిలే విసురుకునేవాళ్లా, బజారులో కొనేవాళ్లా, వెంట ఆడవాళ్లు నడిచేవాళ్లా? ఒక ఆడమనిషి ఒక పూటలో ఎంత విసరగలదని మాష్టారు నన్నే అడిగారు. పుస్తకాల్లో దొరకలేదట.

నేను ధైర్యంగా రాశాను. "రెండో కోడి కూతకు రాయి ముందట కూసుంటె పొద్దు పొడిచేటాల్లకు ఎనిమిది శేర్ల జొన్నలు ఇసిరేదాన్ని. పాట పాడుకుంట ఇసిరితె చెయ్యి నొప్పి తెల్వది."

మాష్టారు లెక్క కట్టారు. మనిషికి రోజుకు శేరు పిండి అనుకుంటే వెయ్యిమందికి వెయ్యి శేర్లు, ఒక్కొక్కరు ఎనిమిది శేర్లు విసిరితే నూట ఇరవై ఐదు మంది ఆడవాళ్లు. వెయ్యి కత్తుల వెనక నూట ఇరవై ఐదు రాళ్లు తిరుగుతున్నాయి అని రాశారు. చదివిన వాళ్లకు ఒళ్లు జలదరించిందట. ఏడాది చివర చాలామంది మేం మారాం అని చెప్పింది ఈ చర్చలోనే.

నేను మాత్రం ఒక్కటీ చెప్పలేదు. గుంపు పెద్ద ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, మీ మూడు ఇంక రాలేదు."

"నేనేం మారలేదన్నా. ఏం చెప్పాలె?"

"సంవత్సరమంత ఒక్కసారి గూడ మారలేదా?"

"మారితె చెప్పకపోదునా?"

ఆయన నవ్వి, అచ్చుకు పోయే మొదటి పేజీ నా ఫోన్‌కు పంపాడు. చూసుకుని మురిసిపోయాను. దాచను, గొప్పలు చెప్పుకోవడానికి మనిషి కావాలనిపించింది. మర్నాడు సర్కారు ఎస్టీ బస్సెక్కి నాయ్‌గావ్ పోయాను.

నాయ్‌గావ్‌లో మా పెద్ద తోడికోడలు కొడుకు దగ్గర ఉంటుంది. అక్కా అనే పిలుస్తాను. ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లు ఉన్నాం, తర్వాత వేరుపడ్డాం. వేరుపడ్డప్పుడు విసుర్రాయి ఆమె వాటాకు పోయింది. దాని మీద కొన్నాళ్లు మూతులు ముడుచుకున్నాం కూడా. ఆమెకు చదువు రాదు. నాకు డెబ్బై దాటినా ఆమెకు నేను పిల్లనే.

నేను పోయేసరికి వాకిట్లో చేట ముందు పెట్టుకుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది.

"ఏం పిల్లా, చెప్పకుండ చెయ్యకుండ అచ్చినవ్?"

"నీకొకటి సదివి చూపెడ్దామని అచ్చిన."

"సదువు. చెవులైతె నా తాన ఉన్నయి."

వేలు పెట్టి చదివాను. నెమ్మదిగా, ఆగి ఆగి. వెయ్యిమంది సిపాయిలు, వెయ్యి శేర్ల పిండి, నూట ఇరవై ఐదు రాళ్లు. నాందేడ్‌లో ఉండే ఒక పెద్దమ్మ తన అనుభవంతో ఈ లెక్కకు దారి చూపారు అన్న వాక్యం రెండుసార్లు చదివాను. అక్క తల ఎత్తలేదు.

"ఎనిమిది శేర్లు," అన్నది.

"ఆ."

"నువ్వొక్కదానివే."

"ఆ. గట్లనే రాసిన."

పప్పులో ఒక రాయి దొరికింది. పక్కకు విసిరింది. "పాట పాడుకుంట."

"పాట లేకుంటె ఎట్ల ఇసురుతరు?"

"మల్ల పాట ఎవలు అందుకున్నరే?"

నాకు వెంటనే తెలియలేదు. తెలిశాక ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. విసుర్రాయి పాట ఒక్కరు పాడేది కాదు. ఇవతలి మనిషి ఒక వరుస అంటుంది, రాయి సగం చుట్టు తిరిగి పిడి అవతలికి చేరేసరికి ఎదురుగా కూర్చున్న మనిషి రెండో వరుస అందుకుంటుంది. పిడి మీద రెండు చేతులు ఉంటాయి, ఒకటి నాది, ఒకటి ఆమెది. ఎనిమిది శేర్లూ ఇద్దరివి.

అబద్ధం ఆడాలని ఆడలేదు. యాది చేసుకున్నప్పుడు నాకు నా చెయ్యే కనిపించింది. ఆ వేళకు మా ఇంట్లో దీపం పెట్టనిచ్చేవాళ్లు కాదు, నూనె దండగని మా అత్త. చీకట్లో అక్క మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆమె నాకు ఒక గొంతు, పిడిని అవతలి నుంచి లాగే ఒక బలం, అంతే. నా భుజం నొప్పి నాకు గుర్తుంది. ఆమె భుజం నొప్పి నా గుర్తులో ఎక్కడుంటుంది?

అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "కొన్ని దినాలు నేనొక్కదాన్నే ఇసిరిన," అన్నాను.

"రాయి ఈడనే ఉన్నది," అన్నది అక్క.

పై రాయి పెరట్లో నీళ్ల డ్రమ్ము మూత లేవకుండా బరువుగా ఉంది. కింది రాయి మీద వాళ్ల కోడలు బట్టలు ఉతుకుతుంది. ఆ పిల్ల నవ్వుకుంటూ రెండూ కడిగి, ఆరబెట్టి, వాకిట్లో పెట్టింది. పిడికి రోకటి ముక్క దిగ్గొట్టింది. శేరు జొన్నలు తెచ్చింది. నేను కొంగు చుట్టుకుని కూర్చున్నాను.

పది చుట్లు బాగానే తిరిగింది. తర్వాత పిడి అవతలి పక్కకు పోయినప్పుడల్లా నేను నడుము వంచి ముందుకు పడాల్సి వచ్చింది. వయసు సంగతి పక్కన పెడతాను. వయసులో ఉన్నా ఆ వంగుడు తప్పేది కాదు. ఒక్క మనిషి చెయ్యి అంత దూరం అందదు. పావు శేరు కాకముందే ఆగిపోయాను.

అక్క చేట ముందు నుంచి లేవలేదు. "ఇసురు ఇసురు. సిపాయిలు ఆకలితోటి ఉన్నరు," అన్నది.

వాళ్ల కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పిడి వదిలేశాను. అప్పుడు అక్క మోకాలు పట్టుకుని లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. పిడి మీద నా చెయ్యి కింద తన చెయ్యి వేసింది. అప్పట్లోనూ ఆమె చెయ్యి కిందే ఉండేది, అది ఇప్పుడు గుర్తొచ్చింది. రాయి తిరిగింది. పాట ఎత్తుకోలేదు, ఇద్దరికీ ఊపిరి లేదు. కానీ నడుము వంచే పని లేకుండా శేరూ అయింది.

సాయంత్రం ఇంటికి రాగానే గుంపులో రాశాను. నేను చెప్పింది తప్పు. ఎనిమిది శేర్లు ఇద్దరివి, ఇంకొకరు మా పెద్ద తోడికోడలు. లెక్క మార్చండి.

గుంపు పెద్ద వెంటనే ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, పొద్దుగాల ప్రెస్సుకు పోవాలె. ఒక్కలైనా ఇద్దరైనా సైన్యమైతె తిన్నది గదా. ఈసారికి ఇడిసిపెట్టుండ్రి."

"తిన్నది. కని మనం మాట్లాడింది తిన్నోళ్ల ముచ్చట గాదు గదన్నా, ఇసిరినోళ్ల ముచ్చట."

ఆయన ఫోన్ పెట్టేశాడు. మాష్టారు మాత్రం గుంపులో పొడుగ్గా రాశారు. అప్పుడు నూట ఇరవై ఐదు కాదు, రెండు వందల యాభై మంది అవుతారు. పైగా ఒక్కరు విసిరితే సరిగ్గా సగమే అవుతుందని నమ్మకం ఏమిటి, ఇంకా తక్కువ కావచ్చు. అసలు ఒకరి జ్ఞాపకం మీద ఇంత లెక్క కట్టడమే తన తొందరపాటు. తేలని లెక్క మొదటి పేజీలో ఉండకూడదు. ఆయన కోపంగా రాయలేదు, కానీ ముందులాగా పెద్దమ్మా అని కూడా రాయలేదు. హవల్దారు ఒక్కడు రాశాడు, "అయితే ఆ రెండో ఆమెకు గూడ నా నమస్తే చెప్పు పెద్దమ్మా."

నేను గుంపు పెద్దకు మళ్లీ రాశాను. నా మూడింటిలో ఒకటి దొరికింది. ఈ ఏడు నేను మారింది ఈ చర్చలోనే. నన్ను మార్చిన మనిషి గుంపులో లేదు. పద్ధతి ప్రకారం ఇది చెల్లుతుందా చెల్లదా, మీరే చెప్పండి.

పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో సిపాయిల ఉత్తరాల చర్చ ఉంది. నాది చివరి పేజీకి పోయింది, తేలని చర్చలు అన్న చోటికి. నాలుగే వరుసలు. మొదట చెప్పిన లెక్క ఒక్కరిది కాదని, విసుర్రాయి ముందు ఇద్దరు కూర్చున్నారని, ఈ సంగతి సరిదిద్దింది నాయ్‌గావ్‌లో ఉండే పెద్ద తోడికోడలని. అంతే. మొదటి పేజీ పోయిందని నాకు కొంచెం కష్టమే అయింది. అయితే అయింది.

మళ్లీ బస్సెక్కి పోయి అక్కకు ఆ నాలుగు వరుసలూ చదివాను.

"మల్ల సదువు."

చదివాను.

"గింజలు పోసేది నేను. అది లేదేంది?"

"ఇద్దరం పోసినం."

"నువ్వు పోస్తె దోసెడు దోసెడు కుమ్మరించి రాయిని ఆపుతుంటివి. అత్త నిన్ను తిట్టి నాకు అప్పజెప్పింది."

"నాకు యాదికి లేదు."

"నీకు యాదికి లేనియి శానున్నయి. రాసేటప్పుడు అడగాలె."

 సంచిలోంచి పెన్ను తీశాను. ఆ పేజీ అంచున ఉన్న తెల్ల జాగాలో, గింజలు పోసింది అక్క అని రాసి చదివి వినిపించాను.

ఆమె పుస్తకం తన ఒళ్లోకి లాక్కుని, అచ్చు అక్షరాల మీద ఒకసారి, నా రాత మీద ఒకసారి వేలు పెట్టి చూసింది.

"నీది గింత సన్నగున్నదేంది," అన్నది. "జర పెద్దగ రాయి."