పొయ్యి వెలిగించకముందే మసి

డ్రోన్ అంటే మా ఊళ్లో ముందు గుర్తొచ్చేది సర్వే. సర్వే అంటే ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ అంటే భూమి పోవడం. అందుకే మా చెరకు తోట మీద అది జుయ్యిమంటూ తిరుగుతుంటే నాకు ఒళ్లు మండింది. మా ఆయనైతే ఇంకా గట్టిగా ఎగిరాడు.

"ఇయ్యాల గాలి పట్టి సూత్తామంతారు, రేపొచ్చి రాళ్లు పాతేత్తారు. పొమ్మను!"

డ్రోన్ తెచ్చిన అమ్మాయి వ్యవసాయం చదువుతోంది. గాలిలో తేలే పుప్పొడినీ, తెగుళ్ల బీజాలనీ పట్టి చూస్తుందట. జిడ్డు పూసిన గాజుపలక తగిలించి పైకి పంపింది. నేను నమ్మలేదు. అది కిందికి దిగేదాకా పక్కనే కాపలా ఉన్నాను.

పలక మీద నల్లటి పొడి. మైక్రోస్కోపులో చూసి, "కాటుక తెగులండీ. ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉంది" అంది.

ఆ తెగులొస్తే చెరకు మొవ్వులోంచి నల్లటి కొరడా లాంటి కాడ లేస్తుంది. దాని పొడి గాలికి తోటంతా పాకుతుంది. ఇక ఆ చెరకు విత్తనానికి పనికిరాదు. కె. కోటపాడులో మా తమ్ముడు మొదటిసారి చెరకు వేస్తూ మా విత్తనం మీదే ఆశ పెట్టుకున్నాడు.

"తెగులూ లేదు, ఏటీ లేదమ్మా. మా బెల్లం పొయ్యి మసి అది. ఈయన తువ్వాలు రోజూ అలాగే నల్లగైపోతాది" అన్నాను.

"పొయ్యి ఎప్పుడు వెలిగించారండీ?"

ఈ ఏడు బెల్లం వంట ఇంకా మొదలే కాలేదు. మరి ఇన్నాళ్లూ నేను బండకేసి బాదుతున్న ఆ తువ్వాలు మసి ఎక్కడిది?

ఆయన వైపు చూశాను. తల దించుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా మా తోటలో లేచిన కొరడాలు విరిచి, తువ్వాల్లో చుట్టి తెచ్చి పారేస్తున్నాడన్నమాట.

"సంచి తొడిగి కొయ్యాలండీ. ఉత్తినే విరిస్తే పొడి రాలి ఇంకా పాకుతుంది" అంది ఆ అమ్మాయి.

"ఊళ్లో తెలిత్తే మన సెరుకు ఎవుడు ముట్టుకుంతాడే?" అని ఆయన గొణిగాడు.

పరాయి పిల్లని దొంగలా చూస్తూ, ఇంట్లో మనిషిని ఒక్క మాట అడగలేదు నేను. అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

"మా ఇత్తనం ఒద్దురా తమ్ముడూ. కాటుక తెగులొచ్చింది."



"అదేటక్కా? నిన్నే గదా బావ ఫోన్ సేసి, ఇత్తనం బాగుంది, బండి తెచ్చుకోమన్నాడు. బయల్దేరిపోయేను."

"ఎనక్కి తిప్పు" అన్నాను, మా ఆయనకి వినపడేలా.