నిండు బండి కుదపదు

మా చర్చి సంఘం బండి సంగతి ముందు చెప్పాలి. అది తెలియకపోతే ఈ ప్రయాణం ఎందుకు చేశామో మీకు అర్థం కాదు.

ఐరాల దాటాక మా ఊరికి తారురోడ్డు లేదు. ఒక వంక, అంటే వాగు, దాటాలి. ఆపైన రెండు మైళ్లు బండరాళ్ల బాట. సంఘంవాళ్లం తలా ఇంత వేసుకుని ఒక పాత డీజిల్ జీపు కొన్నాం. వెనక రెండు పక్కలా ఎదురెదురు బల్లలున్న పొడుగు రకం. మొదటి వానాకాలంలోనే అది వంకలో కడుపు తగిలి నిలిచిపోయింది. అప్పుడు చిత్తూరులో కమాన్ కట్టలకు అదనపు పట్టీలు వేయించి బండిని జానెడు ఎత్తు లేపించాం. ఆ తర్వాత వంక అడ్డం కాలేదు. చక్రాలు నీళ్లలో దిగగానే వెనక నుంచి ఎవరో ఒకరు పాట ఎత్తడం, గట్టు ఎక్కేదాకా అందరూ పాడటం మాకు ఆనవాయితీ అయింది. ఎవరో ఒకరు అన్నానుగానీ, ఎత్తేది ఎప్పుడూ మా సువార్తక్కే.

బండి లేచింది, కుదుపును అణిచే వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) మాత్రం పాతవే. పొడవు చాలక, చక్రం గుంతలో దిగినప్పుడల్లా పూర్తిగా సాగిపోయి టక్కున కొట్టేవి. చివరికి రెండూ నూనె కక్కి చచ్చాయి. సంఘంలో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

సువార్తక్క నాకు సొంత అక్క. పెళ్లి చేసుకోలేదు. చుట్టుపక్కల పల్లెల్లో స్త్రీల కూటాలు నడుపుతూ నలభై ఏళ్లు తిరిగింది. వెన్నెముకలో జబ్బని తెలిసి తిరుపతి ఆసుపత్రిలో చేర్చాం. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాం. నేనైతే లేచి నడిచి వస్తుందనే నమ్మాను. ఒక బుధవారం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. అక్క కోరిక కూడా అదే. మా గుడి పక్కన తన గదిలో, తన మంచం మీద పడుకోవాలని. అంబులెన్సు అడిగితే ఐరాల దాకా వస్తాం, వంక దాటలేం అన్నారు. దారిలో దించి బండి మార్చడం ఆమె వెన్ను తట్టుకోదని మా బండిలోనే తెద్దామనుకున్నాం. డాక్టరు ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. "కుదుపు తగలనీయకండి. ఒక్కో కుదుపు ఆమెకు కత్తిపోటు."

అందుకని షాకుల కోసం బయలుదేరాం. ఎత్తు లేపిన బండిలో రోగిని తెచ్చుకోవాల్సిన వాళ్లు మీలో ఎవరైనా ఉండొచ్చు. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

గురువారం పొద్దున ఆరింటికి ప్రార్థన చేసుకుని నేనూ, ఎలీషా కదిలాం. ఎలీషా మా సంఘంలో డోలు వాయించేవాడు. నోరు ఊరుకోని మనిషి. తొమ్మిదిలోపు చిత్తూరు చేరి ఇడ్లీ తిని, విడిభాగాల అంగళ్లన్నీ తిరిగాం. అందరి దగ్గరా మామూలు పొడవువే ఉన్నాయి. "లేపిన బండికి ఇవి సాలవన్నా, తిరుపతిలో సూడండి" అన్నారు. డీజిలు పోయించుకుని పూతలపట్టు, పాకాల మీదుగా వెళ్లాం. పాకాల దగ్గర రైలు గేటు పడింది. పక్కన ఆగిన లారీ క్లీనరు వంగి మా వెనక చక్రాలు చూసి, "ఏమప్పా, మీ బండి కప్ప మాదిరి ఎగురుతా ఉండాదే!" అన్నాడు. "ప్రార్థన సేస్తా పోతాది నాయనా, మోకాళ్లేసి లేస్తా ఉంటాది" అని ఎలీషా జవాబు.

తిరుపతిలో బస్టాండుకు దూరంగా ఒక సందులో మాకు కావలసిన అంగడి దొరికింది. యజమాని మధ్యవయసువాడు, మెడలో తువాలు. బండి వెనక భాగాన్ని జాకీతో ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడేటప్పుడు షాకు తగిలించే పైకొక్కెం నుంచి కిందికొక్కెం దాకా కొలిచాడు. మీరూ అలాగే కొలిపించండి. బండి నేల మీద ఉండగా కొలిస్తే మళ్లీ పొట్టివే వస్తాయి. ఆ పొడవుకు రెండు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి నూనెది. కడ్డీని అరచేత్తో నొక్కితే మెల్లగా దిగి అక్కడే ఉండిపోయింది. రెండోది గ్యాసుది. రెండు చేతులా ఒత్తితే గాని దిగలేదు. వదలగానే తనంతట తానే పైకి లేచింది.

నాకు ఆ లేవడం నచ్చింది. అణచినా లేచేది కదా అనిపించింది. ఆ రోజుల్లో నేను ప్రతిదాంట్లోనూ అలాంటి గురుతు కోసమే వెతుక్కుంటున్నాను.

"ఎనక ఎంతమంది కూర్సుంటారు?" అని అడిగాడు యజమాని.

"పన్నెండుమంది. పండగలకైతే పదహారు. హార్మోనియం, డోలు, వంట గిన్నెలు కూడా" అన్నాను.

"అయితే ఇంగేమీ ఆలోసించొద్దు, గ్యాసువే ఎయ్యి. నూనెవి ఆ బరువుకు కూలబడతాయి."

ఆయన అడిగిన దానికి సరిగ్గానే చెప్పాడు. నేను చెప్పిందీ అబద్ధం కాదు. మా బండి ఏనాడూ ఖాళీగా నడవలేదు. ఐరాల సంతకు ఒకరు పోవాలన్నా పదిమంది ఎక్కుతారు. వెనక అంటే నా కళ్లకు ఆ నిండు బల్లలే కనిపించాయి. రేపు ఆ వెనక భాగంలో వెదురుపుల్లంత మనిషి ఒక్కతే పరుపు మీద పడుకుని ఉంటుందన్నది నోటికి రాలేదు. ఎలీషాకూ రాలేదు.

బిగించడానికి సాయంత్రమైంది. "రేపు మా ఇంట్లో పెండ్లి, అంగడి తియ్యను. ఏమన్నా సూసుకునేదుంటే ఇప్పుడే సూసుకో" అన్నాడు యజమాని. ఇద్దరం ముందు కూర్చుని అలిపిరి దాకా పోయి వచ్చాం. "టక్ మనే సప్పుడు పోయినాదన్నా! కారు మాదిరి ఉండాది" అని ఎలీషా మురిసిపోయాడు. వెనక కూర్చుని చూద్దామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. రైల్వే స్టేషను ఎదురుగా చిన్న లాడ్జిలో గది తీసుకున్నాం. గది ఇరుకే గాని నీళ్లు బాగా వచ్చాయి. భోజనానికి పక్కనే మెస్సు ఉంది.

శుక్రవారం ఎనిమిదింటికి ఆసుపత్రిలో కాగితాలు అయ్యాయి. అక్కను స్ట్రెచరు మీద తెచ్చారు. మందుల వేడికి జుట్టంతా రాలిపోయి, తలకు తెల్ల గుడ్డ కట్టుకుని ఉంది. బల్లల మధ్య రెండు పరుపులు వేసి పడుకోబెట్టాం.

"షాకులు కొత్తవేసినామక్కా" అన్నాను.

"నా కోసమా? బండికి నా పేరు పెట్టుకోండి ఇంగ" అని నవ్వింది.

ఆసుపత్రి గేటు దగ్గర స్పీడు బ్రేకరు మీద వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఒక కేక వినిపించింది. అది మా అక్క గొంతని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. ఎన్నడూ ఆమె అలా అరవగా వినలేదు.

మెల్లగా నడిపాను. ఎద్దులబండి మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా. అయినా ప్రతి చిన్న గుంతకూ వెనక భాగం గట్టిగా ఎగిరి పడుతోంది. పదహారుమంది కోసం వేసిన పట్టీలు, పదహారుమంది కోసం బిగించిన షాకులు. వాటికి ఆమె బరువు లెక్కే కాదు. అద్దంలో చూస్తే తువాలు కొస పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంది. అంగడికి తిరిగి పోదామంటే తలుపు తీసి ఉండదు. ఆసుపత్రిలో ఆమె మంచం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. బండి పక్కకు ఆపి, ప్రభువా, ఈ ఒక్కటైనా ఇవ్వు అని స్టీరింగు మీద తల పెట్టి అడిగాను. బాగుచేయమని అడగడం అక్కడితో మానేశాను.

ఎలీషా వెనక్కు పోయి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు. మళ్లీ కదిలాం. చంద్రగిరి దాటుతుండగా అక్క నోట్లోని తువాలు తీసి పిలిచింది.

"తమ్ముడా, ఈడు ఎక్కినాక రవ్వంత తగ్గినాది."

"నేను బరువుగా ఉండానని ఈపొద్దు ఒకరన్నా మెచ్చుకున్నారు" అన్నాడు ఎలీషా. వాడి కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఆదివారం నిండుగా పోయినప్పుడు ఇది ఉయ్యాల మాదిరి ఉండేది గదరా! ఇంగా మందిని ఎక్కించు" అంది అక్క.

కొంచెం ముందు రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఒక కుటుంబం బస్సు కోసం నిలబడి ఉంది. పెద్దవాళ్లే తొమ్మిదిమంది. అందరివీ గుండ్లు, గుండ్లకు గంధం. కొండ దిగి కాణిపాకం పోయేవాళ్లు. బస్సులన్నీ నిండి ఆగడం లేదట. బండి ఆపాను. నా విశ్వాసం నాది, ఆ గంధం చూసి మనసు ఒక అడుగు వెనక్కు వేయకపోలేదు. కానీ అక్క వెనక నుంచి "పిలవరా" అంది.

వాళ్లలో పెద్దామె, నాగమ్మట, కదిరి పక్కవాళ్లు, లోపలికి తొంగి చూసి ఆగింది. "రోగి మనిషి ఉంటే మేమెట్ల ఎక్కేది నాయనా? ఆయమ్మకు ఇరుకైతాది."

"అమ్మా, మీరు ఎక్కితేనే ఆమెకు సుకం. బరువుంటే బండి ఎగరదు" అన్నాను.

"ఇదేం ఇడ్డూరమో! ఏ బండోడైనా దిగమంటాడు గాని..." అంటూనే ఎక్కింది. మనుషులు, మూటలు, ఇత్తడి చెంబులు, బల్లలు నిండిపోయాయి. కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారు. నాగమ్మ అక్క తలగడ దగ్గర కూర్చుని, బండి కదిలినాక, జారిన గుడ్డ కింద ఆమె బోడి తల చూసింది.

"నువ్వూ మొక్కు తీర్సుకుంటివా తల్లీ?"

"నేను మొక్కలేదవ్వా. మా దేవుడు అడక్కుండానే తీసుకున్నాడు" అంది అక్క.

ముందు నాగమ్మ నవ్వింది, తర్వాత అక్క నవ్వింది. నవ్వితే నొప్పి పుట్టి, నొప్పిలోనే మళ్లీ నవ్వింది. నాగమ్మ ఆ తలను తన ఒడిలోకి తీసుకుని ప్రయాణమంతా అరచేత్తో రాస్తూనే ఉంది.

బండి మారిపోయింది. వెనక భాగం దిగి కూర్చుని, గుంతల మీద పడవలా ఊగుతూ సాగింది. పాకాల గేటు పట్టాల మీద నేను ఊపిరి బిగబట్టాను. వెనక నుంచి శబ్దం రాలేదు. తిరిగి చూస్తే అక్క నిద్రపోతోంది. నెలల తరబడి సూది లేకుండా నిద్రపోయింది లేదని ఆసుపత్రివాళ్లు చెప్పారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కాణిపాకం చేరాం. బాహుదా వంతెన దగ్గర బండి ఆపి, ఇక దిగండమ్మా అన్నాను.

"మీ ఊరు ఇంగా యెంత దూరం?" అడిగింది నాగమ్మ.

చెప్పాను. వంక గురించి, బండరాళ్ల గురించి కూడా చెప్పాను.

"మేము దిగితే మళ్లా ఎగురుతాది గదా?"

నేను వెనక్కు తిరిగి అక్కను చూశాను.

ఆమె కొడుకు, "అమ్మా, దర్శనం..." అని నసిగాడు.

"సామి యాడికీ పోడులేరా! ఆయన కూర్సున్న సోట కూర్సోనే ఉంటాడు. పోనీ నాయనా" అంది నాగమ్మ.

ఐరాలలో టీలు తాగి కదిలాం. వంకలో మోకాలి లోతు నీళ్లున్నాయి. చక్రాలు దిగగానే అక్క కళ్లు తెరిచింది. ఆమె పెదవులు కదిలాయి. పాట ఎత్తుతోంది. గొంతు రాలేదు, గాలే వచ్చింది. ఎలీషా అందుకున్నాడు. నేనూ అందుకున్నాను. ఆ కుటుంబంలో ఎవరికీ ఆ పాట రాదు. నాగమ్మ మాత్రం అక్క భుజం మీద వేళ్లతో దరువు వేస్తూ కూర్చుంది. గట్టు ఎక్కేదాకా పాడాం. బండరాళ్ల బాట మీద కూడా ఆమె కేక వేయలేదు. మూడున్నరకు అక్కను ఆమె మంచం మీద పడుకోబెట్టాం. సంఘంవాళ్లు ఆ కుటుంబానికి అన్నం పెట్టారు.

సాయంత్రం వాళ్లను తిరిగి కాణిపాకంలో దింపాను. నాగమ్మ దిగుతూ, "ఆయమ్మను అడిగినానని సెప్పు" అంది. అక్కకు ఎన్నో రోజులు లేవని ఆమెకూ తెలుసు.

తిరుగు ప్రయాణంలో బండిలో నేనొక్కడినే. వెనక ఖాళీ పరుపులు ప్రతి గుంతకూ ఎగిరి పడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ నడిపాను. మీలో ఎవరికైనా ఈ అవసరం పడితే నేను చెప్పగలిగింది ఇంతే. షాకులు కొనే ముందు రోజూ మోసే బరువును కాదు, ఆ రోజు మోయబోయే మనిషిని తలచుకోండి. ఒక్కరినే తేవాలంటే మెత్తని నూనెవి తీసుకోండి. కొన్నాక మీరే వెనక పడుకుని చూసుకోండి. అన్నీ చేసినా కుదిపితే, దారిలో కనిపించిన వాళ్లను ఎవరినైనా ఎక్కించుకోండి. ఎవరని అడగకండి. ఒకరి భారం ఇంకొకరు మోయాలని ఎన్నో ఆదివారాలు వాక్యం చెప్పినవాణ్ణి. భారం మోయడమంటే కొన్నిసార్లు ఊరికే బరువుగా పక్కన కూర్చోవడమని ఆ గుండ్లవాళ్లు నాకు చూపించారు.

తిరుపతి పోయి ఆ షాకులు మార్పించాలని ఆ సాయంత్రం అనుకున్నాను. అవసరం రాలేదు. అక్కను మరొక్కసారే ఆ బండిలో తీసుకుపోయాం. మా సమాధుల తోట వంకకు అవతల ఉంది. ఆ రోజు బల్లలు నిండి, మెట్ల మీద కూడా మనుషులు నిలబడ్డారు. పెట్టె రవ్వంతైనా కదల్లేదు. చక్రాలు నీళ్లలోకి దిగాయి. పాట ఎత్తే గొంతు కోసం అందరం ఆగాం. బండి వంక సగం దాటేదాకా అలా ఆగే ఉన్నాం.