రాని చివరి రీలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక పాత అపరాధ పరిశోధన సినిమా దొరికింది. ఆ కాలపు సస్పెన్స్ సినిమాలంటే నాకు ప్రాణం, కానీ వాటిని ఒక్క క్షణం కూడా నమ్మను. నల్లకళ్లద్దాలవాడు ఎప్పుడూ అమాయకుడే. పనేమీ లేకుండా మొదటి పాటలో కనబడిన తోటమాలి మీద ఒక కన్నేసి ఉంచాలి. ఈ విద్య నాకు నేర్పింది మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసి మమ్మల్ని పెంచింది. ఆ ఆదివారం టీవీలో పేర్లు పడగానే పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఇది మనూరి టెంటు హాల్లో చూసిందేననీ, డాక్టరే చంపాడనీ తేల్చేసింది. చుట్టపుచూపుగా వచ్చిన మా అక్కా, బావా పక్కనే ఉన్నారు. బావ నవ్వుతూ టీవీ వైపు తిరిగాడు.

అప్పట్లో మేం దేశనూరులో ఉండేవాళ్లం. పక్కనున్న సిరుగుప్ప టౌనులోనూ మా ఊరి టెంటులోనూ ఒకే ప్రింటుతో ఆట నడిచేది. అక్కడ ఒక రీలు అయిపోగానే ఒకాయన దాన్ని సైకిలు మీద మా ఊరికి తెచ్చేవాడు. ఆలస్యమైతే జనం బొరుగులు నములుతూ హంతకుణ్ణి వెతుక్కునేవాళ్లు. ఈ సినిమాలో ఒక డాక్టరు నవ్వుమొహంతో రోజూ జబ్బుమనిషికి పాలు ఇస్తాడు, ఆవిడేమో రోజురోజుకీ చిక్కి చివరికి చనిపోతుంది. మేం దీన్ని చూసిన రోజు కాలువ తెగి దారి మునిగింది, చివరి రీలు రాలేదు. మర్నాడు వేరే సినిమా వేశారు. ఇలా తెగిపోయిన కథలను పూర్తిచేయడం మా ఊళ్లో ఆడవాళ్ల పని. కొళాయి దగ్గర బిందెలు దించి విచారణ జరిపారు. "సుమ్నే, ఊరికే ఎవరన్నా అంత నవ్వుతారా? ఆ డాక్టరే" అని పెద్దమ్మ తీర్పు చెప్పింది. దాని మీద అప్పీలు లేదు.

ఆ వారమే అక్కను పెళ్లిచూపులు చూడడానికి సిరుగుప్ప నుంచి బావ వచ్చాడు. యశ్వంతనగర్ గనుల దగ్గర లారీల పని చూసుకునేవాడు. మొహమంతా నవ్వు. మర్యాదకు పోయి, తనకిచ్చిన టీ గ్లాసును ముందు పెద్దమ్మకు అందించాడు. అంతే, ఆమె మొహం మాడిపోయింది. లోపలికి వచ్చి, "వద్దప్పా, పిల్లోడు శానా నవ్వుతాండాడు" అని నాన్నతో అంది. నాన్న వినలేదు, పెళ్లి జరిగిపోయింది. కానీ ఆనాటి నుంచి బావ చేతి టీని, అతను ఒక గుక్క తాగితే గానీ ఆమె ముట్టలేదు. బావ అది గ్రహించి, తనే సాసర్లో కాస్త పోసుకుని తాగి గ్లాసు ఇచ్చేవాడు. అక్క పిల్లలు దాన్ని ప్రేమ అనుకునేవాళ్లు. అక్క మాత్రం ప్రతిసారీ తల దించుకునేది. నాకు బాధగా ఉండేది. నిజం చెప్పొద్దూ, నేనూ బావను ఓరకంట గమనిస్తూనే ఉండేవాణ్ణి.

ఆదివారం ఆ చివరి రీలు చూశాం. డాక్టరు నిర్దోషి. పాలల్లో విషం కలిపింది, మొదటి నుంచీ అతన్ని అనుమానిస్తూ వచ్చిన ఆ ఇంటి పెద్దాయన. పెద్దమ్మ, టీవీవాళ్లు కథ మార్చేశారని గొణిగింది. నాకు మరో అనుమానం పట్టుకుంది. బావది సిరుగుప్ప, ఆ రీలు అక్కడ ఆడిందే కదా. వంటింట్లో టీ కాస్తున్న బావను పోయి అడిగాను.

"ఆ పొద్దే సూసినా లేప్పా" అన్నాడు, టీ వడగడుతూ. "నేను చెప్తే మీ పెద్దమ్మ నమ్ముతాదా? డాక్టరు మంచోడని డాక్టరే సాక్షి చెప్పినట్టుంటాది."

గ్లాసు తెచ్చి, అలవాటు కొద్దీ సాసర్లో కాస్త పోసుకున్నాడు. అది ఇంకా పెదవుల దాకా పోలేదు, పెద్దమ్మ చెయ్యి చాచింది.

"సల్లారిపోతాది. ఇట్లియ్యప్పా."

తీసుకుని తాగింది. బావ సాసరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సిరుగుప్ప నుంచి సైకిలు మీద సాయంత్రానికి రావలసిన రీలు మా ఇంటికి చేరేసరికి, అక్క తల నెరిసిపోయింది.