ద్రాక్షపండు వెనక్కి జరిగింది

గొట్టంలోకి తోసి తలుపు మూయగానే చెవుల పక్కన ఎవరో రేకు డబ్బాను దుడ్డుకర్రతో బాదుతున్నట్టు మోత మొదలైంది. చెవుల్లో కుక్కిన దూది ఏ మూలకూ రాలేదు. మెడనొప్పి తగ్గక గుంటూరులో డాక్టరు రాసిన ఎమ్మారై స్కాన్ అది. కదలకూడదన్నారు. వేదికలెక్కి మూఢనమ్మకాల మీద గొంతు చించుకోవడమే పనిగా బతికిన నేను, నోరూ చేతులూ కట్టేసుకుని ఆ మోతలో పడుకున్నాను. నా ఒంట్లోని నీటిలో ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఒక బుల్లి అయస్కాంతం. ఈ యంత్రం వాటిని కదిలించి, అవి ఇచ్చే జవాబు వింటోంది. ఇది నాకు మొదట చెప్పిన మనిషి వకుళ మేడం. నిరుడు పోయారు. ఆ చప్పుడులో ఆమె తుమ్ము గుర్తొచ్చి నవ్వొచ్చింది. కదలొద్దని స్పీకర్లో కసిరారు.

చిలకలూరిపేటలో మా డిగ్రీ కాలేజీలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు. పూజారుల ఇంటి ఆడపడుచు. రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకుని, పొద్దున పూజ అయ్యాకే కాలేజీకి వచ్చేవారు. నేనేమో అప్పటికే ఊరూరా తిరిగి దేవుడు లేడని చర్చలు పెట్టే జట్టులో ముందుండేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక, "అంత బొట్టు పెట్టుకుని క్వాంటం ఎట్లా చెప్తారండీ మేడం?" అన్నాను. ఆమె సుద్దముక్క దింపకుండానే, "బొట్టు మీద పరీక్షలో ప్రశ్న రాదు ప్రసాదూ. స్పిన్ మీద వస్తుంది. వచ్చి బొమ్మ గియ్యి," అన్నారు.

వెళ్ళి బోర్డు మీద బొంగరం గీశాను. ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశం ఉంది, అది తన చుట్టూ తాను తిరుగుతుంది, తిరిగే ఆవేశం అయస్కాంతమవుతుంది, అందుకే దాన్ని స్పిన్ అన్నారు అని గడగడా అప్పజెప్పాను. ఆమె డస్టర్ నా చేతికిచ్చారు.

"చెరిపెయ్."

"ఎందుకండీ?"

"అది నిజంగా అంత బుల్లి బంతే అయితే, అంత అయస్కాంతం రావాలంటే దాని అంచు వెలుగు కంటే ఎన్నో రెట్లు వేగంగా తిరగాలి. కుదరదు. ఎలక్ట్రాన్ బొంగరం కాదు. తిరగదు."

నాకు తల తిరిగింది. "తిరగకపోతే అయస్కాంతం ఎట్లా అవుద్దండీ? కళ్ళకు కనపడదు, బొమ్మ గీయకూడదు, కానీ ఉందంటారు. మా వీధి శాస్తుర్లుగారు చెప్పేదీ ఇదేగా!"

"శాస్తుర్లుగారు నమ్మమంటారు. నేను కొలవమంటున్నాను," అన్నారామె. వెండి పరమాణువులను వరసగా ఒక అయస్కాంతపు రెండు కొసల నడుమగా పంపితే ఏమవుతుందో చెప్పారు. బొంగరాలైతే ఎటు వాలినవి అటు పోయి, గోడ మీద పొడుగాటి చార పడాలి. పడేది చార కాదు. పైన ఒక మచ్చ, కింద ఒక మచ్చ. మధ్యలో ఖాళీ. ఎన్నిసార్లు చేసినా అంతే. ఎందుకు రెండేనని అడిగాను. "సమీకరణం చూపించగలను. బొమ్మ చూపించలేను. నాకు రాదు," అన్నారు. ఒక లెక్చరర్ నాకు రాదనడం అంతకుముందు నేను వినలేదు. హేతువాదమంటే అన్నిటికీ జవాబుండటమే అనుకునే వయసు నాది. ఆ రోజు ఇంటికి సైకిలు తొక్కుకుంటూ పోతుంటే, పునాదే కదిలిపోయినట్టు అనిపించింది. ఆమె మిగతా పాఠం కూడా అప్పటినుంచే బుర్రలో నిలిచిపోయింది. ఎలక్ట్రాన్లు రెండేసి ఎదురెదురు దిక్కులుగా జతకడితే ఒకదాని అయస్కాంతాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. ఇనుములో కొన్నిటికి జత ఉండదు. అవన్నీ ఒకవైపు తిరిగి నిలబడితే మేకును లాగే బలం వస్తుంది.

ఆ పాఠం మా వెంకటేశ్వర్లు బాబాయికి అక్కరకొస్తుందని అప్పుడు తెలియదు. నాన్న తమ్ముడైన బాబాయి గుంటూరు శివార్లలో ఒక కారం మిల్లులో మేస్త్రీ. మిర్చి యార్డు నుంచి వచ్చే కాయల్లో మేకులు, తీగముక్కలు, గోతాల సూదులు వస్తుంటాయి. అవి మరలో పడితే నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని కాయలు పోసే చోట బలమైన అయస్కాంతపు కడ్డీలు అడ్డంగా బిగిస్తారు. సాయంత్రానికి వాటికి ఇనుము ముళ్ళపందిలా అతుక్కుని ఉంటుంది. దాన్ని తుడవడం బాబాయి పని. అయస్కాంతం చెడును లాగేస్తుందన్నది ఆయన రోజూ చేత్తో తాకి చూసిన నిజం.

కొన్నేళ్ళకు ఆయన కాళ్ళు పట్టు తప్పాయి. కాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా నడిచి వెళ్ళేవాడు. వెన్నులో ఏదో నరాన్ని నొక్కుతోందని, వెంటనే ఎమ్మారై తీయించాలని, ఆలస్యమైతే కాళ్ళు తిరిగి రావని డాక్టరు గట్టిగానే చెప్పాడు. బాబాయి తీయించలేదు. యార్డు దగ్గర ఎవడో అమ్మిన అయస్కాంతాల బెల్టు నడుముకు కట్టుకుని కూర్చున్నాడు.

"రక్తంలో ఇనుముందా లేదా?" అని నన్ను నిలదీశాడు. "అయస్కాంతం ఇనుమును లాగుద్దా లేదా? నొప్పున్న కాడికి రక్తాన్ని లాక్కొస్తది. తేలికే గదరా!"

"మరి స్కాన్‌కెందుకు పోవు?"

"అది ఈ కడ్డీల తాతంట! నా ఒంట్లో ఇనుమంతా ఊడబెరుక్కుంటే? కాళ్ళే గాదు, మడిసే మిగలడు."

నేను మండిపడ్డాను. అయస్కాంతానికీ ఒంటికీ ఏ సంబంధమూ లేదని, బెల్టు అమ్మినవాడు దొంగని అరిచాను. అరిచేకొద్దీ ఆయన బెల్టు బిగించాడు. చివరికి నా పక్షాన మాట్లాడటానికి వకుళ మేడంను మిల్లుకు తీసుకువెళ్ళాను. అప్పటికి ఆమె రిటైరయ్యారు. గుమ్మం దాటగానే కారం ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. కూలీలందరూ చుట్టూ మూగారు. నేను నా ఉపన్యాసం మళ్ళీ అందుకున్నాను.

"ప్రసాదూ, ఆగు. తప్పు చెప్తున్నావు," అన్నారామె, అందరి ముందూ. "ఒంట్లో నీరంతా అయస్కాంతాల మయమే. రక్తంలో ఇనుమూ నిజమే. మీ బాబాయి చెప్పిందాంట్లో సగం కరెక్టు."

మిల్లంతా ఘొల్లున నవ్వింది. "ఏరా పెద్దమనిషీ, మీ టీచరమ్మే నిన్ను దులిపేసిందే!" అని బాబాయి తొడ చరిచాడు.

ఆమె మాత్రం సంచిలోంచి రెండు ద్రాక్షపళ్ళు తీసి, చీపురుపుల్ల రెండు కొసలకు గుచ్చి, నడుమ దారం కట్టి ఆఫీసు గదిలో వేలాడదీశారు. ఒక కడ్డీ విప్పించారు. అంతలో ఆమె తుమ్మారు. ద్రాక్షలు గిరగిరా తిరిగాయి. "మంత్రమేసిందిరోయ్!" అన్నాడొక కూలీ. ఫ్యాను ఆపి, తలుపేసి, పుల్ల నిలకడగా ఆగాక కడ్డీని పండు దగ్గరకు మెల్లగా తెచ్చారు. పండు కడ్డీ వైపు రాలేదు. నెమ్మదిగా, అంటరానిదాన్ని చూసినట్టు, వెనక్కి జరిగింది.

తర్వాత ఆమె చిన్న ప్లాస్టిక్ సీసా తీశారు. లోపల ఎర్రగా ఉంది. "ఇది నా రక్తం. పొద్దున ల్యాబులో తీయించుకున్నాను." పుల్లకు కట్టి, కడ్డీని బాబాయి చేతికే ఇచ్చారు. ఆయన దాన్ని దగ్గరకు తెచ్చాడు. సీసా కూడా వెనక్కి జరిగింది.

"పారిపోతందేంటమ్మా!" అన్నాడాయన.

"పండులోనూ రక్తంలోనూ ఉన్నది ఎక్కువ నీళ్ళే, నీళ్ళను అయస్కాంతం కొద్దిగా అవతలికి నెడుతుంది. ప్రాణవాయువును మోసుకుపోయే రక్తంలో ఇనుము దగ్గర ఎలక్ట్రాన్లన్నీ జతకట్టి ఉంటాయి. అది దిగిపోయాక కొన్ని విడివడతాయి గానీ, ఆ లాగుడు కంటే నీళ్ళ నెట్టుడే ఎక్కువ. నీ బెల్టు రక్తాన్ని లాగదు. ఆ పెద్ద మిషనూ లాగదు. నీళ్ళలోని బుల్లి అయస్కాంతాలను రేడియో తరంగంతో కదిలించి, అవి ఏమంటాయో వింటుంది. అంతే."

గెలిచామనుకున్నాను. బాబాయి చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. అప్పుడామె, "వెంకటేశ్వర్లూ, నీ కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా?" అని అడిగారు.

"పడిందండీ. గ్రైండింగు చేసేటప్పుడు."

"అట్లా అయితే ప్రమాదం. రక్తంలో ఇనుము సంగతి వేరు, ముక్క సంగతి వేరు. ముక్క మిగిలి ఉంటే ఆ మిషను దాన్ని కదిలిస్తుంది, కన్ను పోవచ్చు. ముందు కంటికి ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదంటేనే వెళ్ళు."

"మేడం! ఇప్పుడెందుకండీ ఆ మాట! ఇంక వెళ్తాడా ఆయన?" అని గొంతు తగ్గించి మొత్తుకున్నాను.

"వెళ్ళకపోతే వెళ్ళకపోనీ. దాచిపెట్టి పంపిస్తే బెల్టువాడికీ మనకూ తేడా ఏంటి?" అన్నారామె. గొంతు తగ్గించలేదు.

"బెల్టోడు ఒక్కనాడన్నా ప్రమాదమనే మాట ఎత్తలేదమ్మా," అని బాబాయి నడుముకున్న బెల్టు విప్పాడు. కడ్డీ పక్కన పెట్టబోతే టప్పున ఎగిరి దానికి కరుచుకుంది. ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే కంటికి ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదు. మర్నాడు స్కాన్. వెన్నులో గడ్డ ఉంది. ఆపరేషన్ తర్వాత ఒక కాలు పూర్తిగా తిరిగి వచ్చింది, ఇంకోటి ఈడుస్తూ నడుస్తాడు. ఇంకొంచెం ఆగి ఉంటే రెండూ పోయేవన్నారు. ఒక్క నిజాన్ని దాచి ఆయన్ను పంపాలనుకున్నది నేను, బయటపెట్టి పంపింది బొట్టు పెట్టుకున్న ఆవిడ. అది తలచుకుంటే ఇవాళ్టికీ నాకు దిగ్భ్రమే.

మోత ఆగింది. బయటికి వచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"నొప్పేమన్నా ఉంటదా నాయనా? ఇనుమంతా లాగుద్దంటగా?"

ఏం కాదమ్మా, అంతా వట్టిదే అనబోయాను. వేదికల మీద అలవాటైన మాట. నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పక్కన కూర్చున్నాను.

"రక్తాన్ని లాగదమ్మా. కానీ మీ ఒంట్లో ఎక్కడన్నా ఇనుప ముక్కగానీ, గుండెకు పెట్టిన మిషనుగానీ, ఆపరేషన్లో వేసిన రాడ్డుగానీ ఉందా?"

"కాలికి రాడ్డేశారు, ఎప్పుడో. అదీ చెప్పాలా?"

"చెప్పాలి. అది ఏ లోహమో వాళ్ళు చూసుకుంటారు. లోపలికి వెళ్ళకముందే చెప్పండి," అని లేపి, చెయ్యి పట్టుకుని పేర్లు రాసుకునే కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళాను.