అడవిపంది నోట్లో పోసిన నీళ్లు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం మమ్మల్ని రెండేళ్లు పోషించింది. సింగపూర్‌లో ఒక బ్యాంకుకు ప్రోగ్రాములు పరీక్షించే పని నాది. జనవరి ఒకటిన ఏదీ ఆగలేదు. పోగుపడిన సెలవులు వెంటనే వాడుకోమన్నారు. పాత మోటార్‌సైకిల్ మీద వంతెన దాటి, మలేసియా లోపలి అడవుల్లో తొమ్మిది రోజులు ఒంటరిగా తిరిగి వస్తానని ఇంట్లో చెప్పాను. అప్పుడు నాకు నలభై ఎనిమిది.

బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ హాల్లోనే గుడారం వేసి చూసుకుంటుంటే నా భార్య గరిటెతో వచ్చి నిలబడింది.

"బాగుంది. తొమ్మిది రోజులూ ఇందులోనే పడుకోండి. అన్నం లోపలికే తోస్తాను."

మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తి ఒకసారి చూసి, మీవల్ల కాదన్నట్టు సింగపూర్ ఇంగ్లీషు కలిపి పెదవి విరిచింది. "పోల్ రివర్స్‌లో పెట్టారు నాన్నా. అయ్యో, కాంట్ మేక్ ఇట్ లా."

నాలుగో రోజుకు పహాంగ్ రాష్ట్రం లోపలి ఎర్రమట్టి దారుల్లో ఉన్నాను. అడవి కోసం వెళ్లినచోట అడవి లేదు. కొండ తరువాత కొండను నరికి, మోళ్లను తగలబెట్టారు. పామాయిల్ మొక్కల కోసం పొక్లెయిన్లు నేలను చీలుస్తున్నాయి. మిషన్ రంపాల రొద పొద్దుటినుంచీ ఆగలేదు. పొగకు తట్టుకోలేక జంతువులు పట్టపగలే దారులు దాటుతున్నాయి. అంతకు ముందురోజు దుంగల లారీ ఒకటి మలుపులో నామీదికి వచ్చేసి, నన్ను కాలువలోకి నెట్టి, ఆగకుండా పోయింది. మోకాలు బూరెలా వాచింది. తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు. హెల్మెట్ తీసి మోడుకేసి కొట్టాను. పక్కన చిన్న సొట్ట పడింది.

ఆ నాలుగో రోజు సమయాలన్నీ డైరీలో ఉన్నాయి. రెండూ ఇరవైకి కుడివైపు పొగలోంచి అడవిపంది దూసుకొచ్చి ముందు చక్రం కింద పడింది. నేను హ్యాండిల్ మీదుగా ఎగిరి అవతల పడ్డాను. లేచి చూస్తే బండి పక్కకు ఒరిగి ఉంది, చక్రం ఇంకా తిరుగుతోంది. క్లచ్ లీవర్ విరిగిపోయింది. పందికి నడుము విరిగింది. వెనక కాళ్లు చచ్చుబడిపోయాయి. ముందు కాళ్లతో నేలను తవ్వుకుంటూ జరగబోతోంది, జరగలేక అరుస్తోంది. అలాంటి అరుపు నేను మనుషుల దగ్గర కూడా వినలేదు.

బతకదని చూడగానే తెలిసింది. గుద్దింది నేను కాబట్టి దాని బాధ తీర్చాల్సిందీ నేనే. రెండు చేతులా పట్టేంత రాయి ఒకటి ఎత్తుకుని దాని తల దగ్గరికి వెళ్లాను. అది నన్ను చూసింది. దించేశాను. మళ్లీ ఎత్తాను. మళ్లీ దించేశాను. అరుపు మాత్రం ఆగలేదు.

మా ఇళ్లలో మనిషి పోతుంటే నోట్లో నీళ్లు పోస్తారు. మా నాన్నకు చెంచాతో నేనే పోశాను. చంపడం చేతకానప్పుడు చేతనైన పని అదొక్కటే తోచింది. సీసా మూత తీసి, మోకాళ్ల మీద కూర్చుని, "పో నాయనా, పో" అంటూ దాని నోట్లోకి వంచాను. రెండు గుక్కలు మింగింది కూడా. మూడో గుక్కకు తల ఒక్క విసురు విసిరింది. కోర నా ఎడమ ముంజేతిలో మణికట్టు దగ్గర దిగి మోచేతి దాకా చీరేసింది. చర్మం రెండుగా విడిపోయి లోపలి తెల్లదనం కనిపించింది. తరువాత రక్తం తన్నుకొచ్చింది. తువ్వాలు పళ్లతో బిగించి కట్టాను. నొప్పితో నేనూ అరిచాను. కాసేపు ఇద్దరం అరుస్తూనే ఉన్నాం.

మూడు అవడానికి పది నిమిషాలుందనగా దుంగల లారీ వచ్చి ఆగింది. బనీను, లుంగీలో ఉన్న డ్రైవరు, వయసు మళ్లిన మనిషి, పరంగు పట్టుకుని దిగాడు. అక్కడివాళ్లు తుప్పలు నరకడానికి వాడే పొడుగాటి కత్తి అది. మలయ్‌లో ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. పంది వైపు తిరిగి నేను ఇంకా "పోవే, పో" అని గొణుగుతున్నాను.

"తెలుగోడివా?" అన్నాడతను. "మా తాతది సిక్కోలు. రబ్బరు తోటల్లోకి వచ్చినాడు." నా చెయ్యి చూశాడు, ఖాళీ సీసా చూశాడు. "ఏటి బాబూ, పందికి నీల్లు పోసినావా?"

"పోతోంది కదా అని..."

"నీల్లు తాగితే ఇంకో గంట బతుకుద్ది గానీ పోతాదేటి? తీరిసీ." కత్తిపిడి నా వైపు తిప్పాడు.

"నువ్వే కానియ్ అన్నా. నీకు అలవాటేగా."

"అలవాటైనోడి నెత్తినే ఎడతారు, సదూకున్నోల్లందరూ."

"చెయ్యి తెగిపోయింది, చూడు."

"తెగింది ఎడంసెయ్యి. కుడిసెయ్యి నిచ్చేపంలాగుంది."

ఒక దుంగ తెచ్చి పంది మెడ మీద అడ్డంగా వేసి, దాని మీద కాలేసి తొక్కిపెట్టాడు. నేను కొట్టాను. మొదటి దెబ్బ పుర్రె మీద జారి చెవి తెగింది. రెండోది మెడలో దిగింది. రక్తం చిమ్మి నా కళ్లద్దాలు ఎర్రబడ్డాయి, ఏమీ కనిపించలేదు. మూడో దెబ్బకు అరుపు ఆగిపోయింది. దుంగ కింద ఇక కదలిక లేదని తెలుస్తూనే ఉంది. నేను నాలుగోది కొట్టాను. ఐదోది ఇంకా బలంగా కొట్టాను. ఆరోదానికి కత్తి ఎత్తగానే అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"సాలు. ఎప్పుడో పోయింది."

కత్తి లాక్కున్నాడు. నాకు ఊపిరాడలేదు. చెయ్యి నొప్పి తెలియలేదు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది, ఆ తేలిక బాగుంది కూడా. అదే నన్ను భయపెట్టింది. దాని బాధ తీర్చాలనుకున్నవాణ్ణి మూడో దెబ్బకే ఆగాలి.

అతను పందిని అక్కడికక్కడే చీరి, మాంసం గోనెసంచిలో వేసుకున్నాడు. బండిని, నన్ను లారీలోకి ఎక్కించాడు. తోట కూలీల కోసం పెట్టిన డిస్పెన్సరీకి గంట ప్రయాణం.

"అంత కోపం ఎవుల మీద, బాబూ?" అన్నాడు సగం దారిలో.

"నీళ్లు పోస్తే చీరేసింది."

"అడిగిందేటి అది నిన్ను, నీల్లు?"

గేరు మార్చి మళ్లీ దారి చూసుకున్నాడు. డిస్పెన్సరీలో పంతొమ్మిది కుట్లు వేశారు. కుట్లు వేసినాయన ఎలా తగిలిందని అడిగితే డ్రైవరే తమిళంలో చెప్పాడు, సార్ పందికి నీళ్లు తాగించబోయాడని. అక్కడున్నవాళ్లందరూ పడీపడీ నవ్వారు. చివరి రెండు దెబ్బల మాట అతను ఎత్తలేదు.

క్లచ్ పట్టాల్సిన ఎడమచెయ్యి పనికిరాదు కాబట్టి బండిని అతని షెడ్డులో వదిలి, మర్నాడు బస్సెక్కి ఇంటికి వచ్చాను. కట్టు విప్పి చూసి నా భార్య ఏడ్చింది. జరిగింది సగం దాకా, కోర దిగినదాకా చెప్పాను.

"నీళ్లు పోసినందుకా ఇలా చీరింది? పాపం!" అంది.

ఆ పాపం అన్నది నన్ను. నేను సరిదిద్దలేదు.