ముప్పయ్యో ఉపవాసం నాడు

"పండగ శుభాకాంక్షలండీ! కూర్చోండి, కాఫీ చెప్తాను," అన్నారు సెలవునాడూ బడిలోనే ఉన్న ప్రిన్సిపాల్ మాధవీలత.

కాశింవలి గారి ముఖం కందగడ్డయింది. కొత్తపేటలో నలభై ఏళ్లు దస్తావేజులు రాసి, చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ పారేయకుండా డెబ్బయ్యో పడిలో పడిన ఆ పెద్దమనిషి, గొంతులో చుక్క నీరు పడకుండా మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు.

"పండగ రేపండీ. నిన్న సాయంత్రం నెలవంక కనబడలేదు. ఇవాళ మాకు ముప్పయ్యో ఉపవాసం."

"అదేంటండీ! కేలెండర్లో ఇవాళే కదా వేసేం? సెలవు కూడా ఇచ్చేసేం."

తగువంతా అక్కడే ఉంది. అచ్చుపడిన తేదీకి సెలవిచ్చేసి, ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షను మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు పెట్టారు. సరిగ్గా ఈద్ నమాజు వేళకు! తరగతి మొత్తానికి ముస్లిం పిల్ల ఆఫ్రీన్ ఒక్కతే. తల్లిదండ్రులు కువైట్‌లో ఉంటే, నమాజులోని అరబ్బీ వాక్యాలూ వాటి తెలుగు అర్థాలూ తాతగారే నేర్పి పెంచారు. చుట్టూ ముప్పైమంది టిఫిన్ బాక్సులు తెరుస్తుంటే కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చుని, ఈ ఏడు మొదటిసారిగా నెల ఉపవాసాలూ పూర్తి చేస్తోంది ఆ పిల్ల. అంత నిష్ఠకు దక్కే పండగ పరీక్ష హాల్లోనా?

ఆయన ఫైలు విప్పారు. పదిహేనేళ్ల కేలెండర్లు, ఏయే ఏట నెలవంక ఎప్పుడు కనబడిందో పక్కనే రాసిన తేదీలు.

"టైంటేబుల్ అచ్చయిపోయిందండీ. ఒక్క అమ్మాయి కోసం ఎలా మార్చమంటారు? అసలు మీకు ఎన్ని రంజాన్‌లండీ?"

"ఒక్కటేనండీ! మీరు అచ్చువేసిన రోజున రావాలని దానికి నియమం లేదు!"

బల్లమీద పడబోయిన పిడికిలిని ఆఫ్రీన్ పట్టుకుంది. "తాతయ్యా, మీరు కూర్చోండి." తరువాత ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "కృష్ణాష్టమి కొందరు ఒకరోజు, కొందరు మర్నాడు చేసుకుంటారు కదండీ. శాంతి వాళ్లింట్లో రెండోరోజే చేసేరు. మాదీ అలాంటిదేనండీ. కాకపోతే మాకు ముందురోజు సాయంత్రం దాకా తెలీదు."

అదే మాట తాతగారి ఫైల్లోనూ ఉంది, బడిమీద మూడో అభియోగంగా. పిల్ల నోట అది పక్కింటి కబురులా వినబడేసరికి ఆయన ఫైలు మూసేశారు.

మాధవీలత నవ్వేశారు. "మా ఇంట్లోనూ అంతేనే. మా అత్తగారిది మొదటిరోజు, మా అమ్మది రెండోరోజు. ఏటా యుద్ధమే! సరే, ఏం చెయ్యమంటావు?"

"మధ్యాహ్నం ఏడో తరగతి వాళ్లతో కూర్చుని రాస్తానండీ."

"పొద్దున రాసినవాళ్లు నీకు పేపరు చెప్పేస్తే?"

"చెప్పేస్తారండీ. శాంతి అయితే ఇంటికొచ్చి మరీ చెప్తుంది."

"అయితే అందరికీ ఒకేసారి పెట్టేస్తాను," అన్నారావిడ. ఫోను తీసి తల్లిదండ్రుల గ్రూపులో కబురు పెట్టారు: ఎనిమిదో తరగతి మొత్తానికి పరీక్ష రేపు రెండు గంటలకు.

"ముందే ఓ మాట చెప్పొచ్చు కదండీ," అన్నారు నిష్ఠూరంగా.

"నాకూ చంద్రుడు ముందే చెప్పడండీ," అన్నారు కాశింవలి. ఆ పూట ఆయన నవ్వడం అదే మొదలు.

మర్నాడు రెండుకు పది నిమిషాలుండగా, పొద్దుటి నమాజు తెల్లటోపీతోనే తాతగారు మనవరాలిని బడి గేటు దగ్గర మోపెడ్ మీంచి దించారు. కొత్త బట్టలమీద యూనిఫాం చున్నీ వేసుకున్న ఆఫ్రీన్‌ను శాంతి అడ్డగించింది.

"నీ పండగేమో గానీ మిట్టమధ్యాహ్నం ఎండలో చచ్చేమే! సేమ్యా తెచ్చేవా, లేదా?"

"పరీక్ష అయ్యేక."

"ఇప్పుడే. ఆకలేస్తే నాకు లెక్కలు రావు."

"తింటే వస్తాయేంటే?"

డబ్బా ఖాళీ అవుతుండగానే గంట మోగింది. గడప దగ్గర ఆఫ్రీన్ కళ్లు మూసుకుని బిస్మిల్లా అనుకుంది.

"నాకూ చదవవే," అంది శాంతి చెయ్యి పట్టుకుని.

"మీ దేవుణ్ణి నువ్వే తలుచుకో. లెక్కలకి మాత్రం నా పేపర్లోకి చూడకు," అని ఆఫ్రీన్ లోపలికి నడిచింది.